గాలం కబుర్లు: ఆగిన కయాక్‌లోనే కడుపు తిప్పుతుంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సముద్రంలో కయాక్ గురించే, అంటే ప్యాడిల్ (తెడ్డు) వేసుకుంటూ వెళ్లే సన్నటి చిన్న పడవ. హైదరాబాద్‌కి సముద్రం లేదని ఎవరన్నారో గానీ శుక్రవారం రాత్రి వైజాగ్ బస్సుల్లో చూడండి, లగేజీ డిక్కీలో గాలం కర్రలు కనిపిస్తాయి.

ప్రశ్న: మేం ముగ్గురం ఆఫీసు ఫ్రెండ్స్‌మి. వికారాబాద్ దగ్గర కోట్‌పల్లిలో రెండేళ్లుగా కయాకింగ్ చేస్తున్నాం. సముద్రంలో వంజరం పట్టాలని కోరిక పుట్టి, రాత్రి బస్సెక్కి పొద్దున వైజాగ్‌లో దిగి, టిఫిన్ చేసి, భీమిలి వెళ్లి తొమ్మిదిన్నరకల్లా నీళ్లలో ఉన్నాం. కిలోమీటరున్నర లోపలికి వెళ్లేదాకా నాకేమీ కాలేదు. ఆగి గాలానికి ముడి వేసుకుంటుంటే ఆవులింతలు మొదలయ్యాయి, ఒళ్లంతా చల్లటి చెమట, ఇరవై నిమిషాల్లో వాంతి. పక్కకి వంగాను, అంతే, తిరగబడ్డాను. రాడ్డు పోయింది, బాక్సు పోయింది. అటుగా వస్తున్న ఫైబర్ బోటు వాళ్లు పైకి లాగారు. చెరువులో ఏమీ కాని వాణ్ని ఇక్కడ ఎందుకిలా అయ్యాను? టాబ్లెట్ వేసుకుంటే సరిపోతుందా, లేక సముద్రం నాకు పడదని వదిలేయాలా?
(ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: వదిలేయకండి. కానీ మీ ఉత్తరంలో మీరే రాసిన ఒక మాట మళ్లీ చదువుకోండి, "వెళ్లేదాకా ఏమీ కాలేదు, ఆగి ముడి వేసుకుంటుంటే". మొత్తం కథ అక్కడే ఉంది.

శ్రీశైలం ఘాట్ రోడ్డులో బస్సు వెళ్తుంటే వెనక సీట్లో వాళ్లందరూ నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంటారు, డ్రైవర్‌కి మాత్రం ఏమీ కాదు, ఎప్పుడైనా గమనించారా? మలుపు ఎప్పుడొస్తుందో ఆయనకి ముందే తెలుసు, కళ్లు రోడ్డు మీదే ఉంటాయి, ఒళ్లు దానికి తగ్గట్టు ముందే సర్దుకుంటుంది. వెనక కూర్చుని ఫోన్ చూసుకునే వాడికి చెవి లోపల ఉండే బ్యాలెన్స్ భాగం "ఊగుతున్నాం" అంటుంది, కళ్లేమో "లేదు, ఫోన్ కదలట్లేదు" అంటాయి, ఈ రెంటికీ పొత్తు కుదరక మెదడు కడుపు మీద పడుతుంది. ప్యాడిల్ వేస్తున్నంత సేపూ మీరు డ్రైవర్. ఆపి తల వంచి ముడి వేసుకోవడం మొదలెట్టగానే మీరు వెనక సీటు ప్యాసింజర్ అయిపోయారు. పైగా ఆగిన కయాక్‌ని గాలి మెల్లగా అడ్డం తిప్పేస్తుంది, అప్పుడు అలలు పక్క నుంచి తగిలి అటూ ఇటూ దొర్లిస్తాయి. అయిదారు సెకన్లకి ఒకసారి పైకీ కిందికీ ఊగే ఊపు ఉంటుంది చూడండి, మనిషికి అన్నిటికంటే ఎక్కువ వికారం పుట్టించేది అదే, తొమ్మిది దాటాక సముద్రపు గాలి లేచిన దగ్గర్నుంచి మన తీరంలో సరిగ్గా అలాంటి పొట్టి అలలే వస్తాయి. కోట్‌పల్లిలో ఈ ఊపు ఎక్కడిది?

దీనికి తోడు రాత్రంతా బస్సులో నిద్ర లేదు. టిఫిన్ ఏం తిన్నారో రాయలేదు గానీ వైజాగ్‌లో దిగిన హైదరాబాద్ వాడు ఏం తింటాడో నాకు తెలుసు. నూనె, కారం, ఖాళీ కడుపు మీద రెండు కాఫీలు. మా ఊళ్లో వేటకెళ్లే వాళ్లు చద్దన్నమో ఇడ్లీయో కొంచెం తిని వెళ్తారు, కడుపు నిండా కాదు, అలా అని పూర్తిగా ఖాళీగానూ కాదు. ఇంకో మాట, ఇది మగతనానికి సంబంధించిన విషయం కాదు. నలభై ఏళ్లు తెప్ప మీద తిరిగిన మా మావయ్యకి ఇల్లు కట్టే పనుల్లో పడి నెల రోజులు వేటకి వెళ్లకపోతే తొలిరోజు కడుపు తిప్పేది. 1831 నుంచి 1836 దాకా ఓడ మీద ప్రపంచమంతా తిరిగిన డార్విన్ ఆ ప్రయాణం పొడుగునా దీనితో అవస్థపడ్డాడు. ఒంటికి అలవాటవడానికి రెండు మూడు రోజులు వరసగా నీళ్ల మీద ఉండాలి, వీకెండ్‌కి వెళ్లొచ్చే మనకి ఆ అలవాటు ఎప్పటికీ పూర్తికాదు, ప్రతిసారీ మొదటిరోజే.

కాబట్టి ఆగడం తగ్గించండి. గాలాలు, లీడర్లు (గాలానికీ లైనుకీ మధ్య కట్టే గట్టి తీగ ముక్కలు), ముళ్లు అన్నీ ముందురోజు రాత్రి రూములోనే కట్టి పెట్టుకోండి, నీళ్లలో తగిలించడం తప్ప ఇంకేం పని ఉండకూడదు. మీరు వెళ్లింది వంజరానికే కాబట్టి ఇంకా సులువు, దానికి ఆగాల్సిన పనే లేదు, వెనకాల లైను వదిలి మెల్లగా ప్యాడిల్ వేస్తూ లాగడమే సరైన పద్ధతి. తప్పక ఆగాల్సి వస్తే ముందువైపు నుంచి డ్రోగ్ వేసుకోండి, అంటే నీళ్లలో గొడుగులా విచ్చుకునే గుడ్డ సంచి, అది కయాక్ మూతిని అలలకి ఎదురుగా పట్టి ఉంచుతుంది కాబట్టి దొర్లుడు సగం తగ్గుతుంది. లంగరు గానీ డ్రోగ్ గానీ పక్క భాగానికి ఎప్పుడూ కట్టకండి, ఒక్క పెద్ద అలకి తాడు బిగిసి పడవని కిందికి లాగేస్తుంది. ఎప్పుడూ మూతికో వెనక్కో కట్టాలి, చేతికి అందేలా చిన్న కత్తి ఉండాలి. చేపని విప్పేటప్పుడూ తల అంతసేపు దించొద్దు, మధ్యమధ్యలో తలెత్తి ఒడ్డు మీద కదలనిది ఏదైనా చూడండి, భీమిలిలో అయితే పావురాళ్ల కొండ ఉండనే ఉంది, ఋషికొండ వైపైతే ఆ కొండే. ఎర రొయ్యలు ఎండకి కంపు కొడతాయి కాబట్టి మూత ఉన్న డబ్బాలో, ముక్కుకి దూరంగా, వెనక పెట్టుకోండి.

ఇక టాబ్లెట్ సంగతి. మనవాళ్లు వాంతులనగానే మెడికల్ షాపులో ఓండాన్‌సెట్రాన్ తెచ్చుకుంటారు, కదలికల వల్ల వచ్చే వికారానికి అది పెద్దగా పనిచేయదు. దీనికి వాడేవి వేరే, అవోమిన్‌లో ఉండే ప్రోమెథజైన్, సిన్నరిజైన్, మెక్లిజైన్ లాంటివి. ఇవన్నీ వికారం మొదలవకముందే, నీళ్లలో దిగడానికి గంటో రెండు గంటలో ముందే వేసుకోవాలి. మొదలయ్యాక మింగితే కడుపు ఆ టాబ్లెట్‌నే బయటికి పంపేస్తుంది. ఇంకో చిక్కు ఉంది, ఇవి మత్తు తెప్పిస్తాయి. ఓడలో ప్రయాణికుడికి నిద్రొస్తే పడుకుంటాడు, కయాక్‌లో నిద్రొస్తే? అందుకని ఒక ఆదివారం ఇంట్లో ఏ పనీ లేనప్పుడు వేసుకుని మీ ఒంటికి ఎంత మత్తొస్తుందో చూసుకోండి, బైక్ తియ్యకుండా. నీలకాసులు (గ్లకోమా), ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లు, వేరే మందులు వాడేవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. ముందురోజు రాత్రి బీరు కూడా వద్దు, చెప్తే వినరని తెలుసు అయినా చెప్తున్నా. అల్లం మురబ్బా కొంతమందికి బాగా పనిచేస్తుంది, కొంతమందికి ఏమాత్రం పనిచేయదు, నష్టమైతే లేదు కాబట్టి జేబులో రెండు బిళ్లలు వేసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. మీరు భయపడాల్సింది వాంతికి కాదు, దానికి ముందొచ్చిన ఆ ఆవులింతకి. ఆవులింత, నోట్లో నీళ్లూరడం, చల్లటి చెమట, ఉన్నట్టుండి మాట తగ్గిపోవడం, ఇవి మొదలయ్యాక మీకు ఎంతో టైము ఉండదు, మీకు ఇరవై నిమిషాలు దొరికింది. కిలోమీటరున్నర అంటే గంటకి నాలుగు కిలోమీటర్ల లెక్కన ఒడ్డుకి దాదాపు ఇరవై మూడు నిమిషాలు, అదీ ఎదురుగాలి లేకపోతే. అంటే మొదటి ఆవులింతకే లైను చుట్టి వెనక్కి తిప్పితే ఒంట్లో బలం ఉండగానే ఒడ్డు దగ్గరికి చేరతారు, పైగా ప్యాడిల్ వేస్తుంటే సగంమందికి దారిలోనే తగ్గిపోతుంది కూడా. "ఇంకొంచెం చూద్దాం, తగ్గుతుందిలే" అనుకుంటే వాంతయ్యాక చేతులు పత్తిలా అయిపోతాయి, ప్యాడిల్ లేవదు. ఎవరు ముందు ఆవులించినా ముగ్గురూ వెనక్కి రావాలని ఒడ్డు మీదే ఒట్టు పెట్టుకోండి, నీళ్లలోకెళ్లాక ఎవరూ నోరు విప్పి చెప్పరు.

ఒకవేళ వాంతి వచ్చేసిందే అనుకోండి, పక్కకి మాత్రం వంగొద్దు. సిగ్గుపడకుండా ఒళ్లోనే చేసుకోండి. సిట్ ఆన్ టాప్ కయాక్ (లోపల కాకుండా పైన కూర్చునే రకం) అయితే రెండు చెంబుల నీళ్లు పోస్తే కన్నాల్లోంచి పోతుంది, బట్టలు ఎలాగూ తడిసే ఉన్నాయి. ఫ్రెండ్ పక్కనే ఉంటే తన కయాక్‌ని మీదానికి ఆనించి రెండిటినీ కలిపి పట్టుకుంటే పంటులా స్థిరంగా ఉంటుంది, అలా నాలుగు నిమిషాలు ఆగి, ఒక్కో గుక్క ఓఆర్ఎస్ తాగి, అయిదారు మీటర్ల తాడుతో లాక్కురావచ్చు. అందుకే ఆ తాడు ప్రతి కయాక్‌లో ఉండాలి, మీ ముగ్గురిలో ఒక్కరి దగ్గరైనా ఉందా?

ప్రశ్న: అన్నా, నాకు ఈత రాదు. మా దోస్తులు సూర్యలంక పోదాం అంటున్నరు, లైఫ్ జాకెట్ ఏస్కుంటే సాలు ఈతెందుకు అంటున్నరు. పోవాల్నా వద్దా, సీదా చెప్పు.
(ఒక తమ్ముడు, ఉప్పల్)

జవాబు: సీదా చెప్తా తమ్ముడూ, ఇప్పుడైతే పోకు. లైఫ్ జాకెట్ నిన్ను మునగనివ్వదు, అంతవరకే దాని పని, పడవలోకి మళ్లీ ఎక్కించదు. ఈత రానోడు నీళ్లలో పడగానే ముందు చేసేది కంగారు, కంగారులో పడవ వదిలేస్తడు, గాలికి ఖాళీ కయాక్ నువ్వు ఈదలేనంత స్పీడుగా పోతది.

ముందు ఒక మూడు నెలలు నీ దగ్గర్లోని స్విమ్మింగ్ పూల్‌కి పో. తర్వాత చెరువులో, కయాక్ అద్దెకిచ్చేటోళ్లకి ముందే చెప్పి, కావాలని తిరగబడు. నిజంగానే చెప్తున్న, పదిసార్లు తిరగబడు. బోర్లా పడ్డ కయాక్ మీదుగా చేయి చాపి అవతలి అంచు పట్టుకుని వెనక్కి వాలితే అది సక్కగ తిరుగుతది. తర్వాత నడి భాగం దగ్గర, చివర కాదు, రెండు చేతులూ పెట్టి కాళ్లు గట్టిగా కొట్టుకుంటూ పొట్ట దాకా పైకి జారు, పొట్ట మీదే పడుకుని ఒక క్షణం ఆగు, అప్పుడు వెల్లకిలా దొర్లి సీట్లో కూర్చో, కాళ్లు చివర్న తెచ్చుకో. ఇది రెండు నిమిషాల్లోపు ఎవరి సాయం లేకుండా వచ్చిన రోజు సముద్రం గురించి ఆలోచిద్దాం. జాకెట్ గాలి ఊదేది కాకుండా ఫోమ్‌ది తీసుకో, బిగించినాక భుజాల దగ్గర ఎవరినన్నా పైకి లాగమను, గడ్డం దాటి వచ్చిందంటే అది నీది కాదు, సైజు మార్చు. సీటు వెనక పెట్టుకున్న జాకెట్ ఇంట్ల పెట్టుకున్నట్టే. ప్యాడిల్‌కి ఒక తాడు, జాకెట్‌కి ఒక విజిల్.

మీ దోస్తులకి ఈ పేజీ చూపియ్యి, నన్నే తిట్టమను.

ప్రశ్న: ఫోన్‌లో గాలి గంటకి 8 కిలోమీటర్లే అని చూపించింది, ఆకు కూడా కదలట్లేదు, అయినా చీరాల దగ్గర ఒడ్డున అలలు మనిషెత్తు లేస్తున్నాయి. యాప్ తప్పా?
(ఒక పాఠకురాలు, మియాపూర్)

జవాబు: యాప్ తప్పు కాదండీ, మీరు చూసింది గాలి, చూడాల్సింది అల. ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో, దక్షిణ సముద్రాల్లో వచ్చిన తుఫాను పుట్టించిన అలలు కొన్ని రోజులు ప్రయాణం చేసి మన ఒడ్డుకొస్తాయి, ఇక్కడ గాలి లేకపోయినా సరే. లోపల అవి మెల్లగా ఊపి వదిలేస్తాయి, నీళ్లు పలచబడే ఒడ్డు దగ్గర మాత్రం లేచి విరుగుతాయి.

మీకు విచిత్రమైన విషయం చెప్పనా, ఈ అలల లెక్క దేశం మొత్తానికి వేసేది మీకు పక్కనే, ప్రగతినగర్‌లో. ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1999లో పెట్టారు, సునామీ హెచ్చరికలూ అక్కడినుంచే వెళ్తాయి. మత్స్యకారుల కోసం అల ఎత్తు, స్వెల్ (ఇందాక చెప్పిన దూరం నుంచి వచ్చే అల), గాలి, ప్రవాహం అన్నీ వాళ్ల సైట్‌లో ఇస్తారు. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రం సంగతి చెప్తారు, మా భీమిలి వాళ్లకి ఈ మాట చెప్తే నవ్వుతారు గానీ ఫోన్లో చూసేది అదే.

అందులో అల ఎత్తుతోపాటు ఎన్ని సెకన్లకోసారి వస్తుందో కూడా చూడండి. సెకన్లు ఎక్కువైతే లోపల హాయి, ఒడ్డు దగ్గర ప్రమాదం. తక్కువైతే లోపల కడుపులో తిప్పుడు. నా మటుకు నేను గాలి గంటకి 15 కిలోమీటర్లు దాటితే కయాక్ దించను, ఎక్కడ చూసినా నురగ తలలు కనిపిస్తుంటే అసలే దించను. ఇంకొకటి, గాలి ఎంత అన్నదానికంటే ఎటు అన్నది ముఖ్యం. చలికాలం తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు గాలి వీస్తుంది, పాతరోజుల్లో తెరచాప పడవలు ఆ గాలికే లోపలికెళ్లి మధ్యాహ్నం సముద్రపు గాలికి ఇంటికొచ్చేవి. కయాక్ వాడికి అదే మోసం. నీళ్లు అద్దంలా ఉంటాయి, వెళ్లేటప్పుడు నేనెంత బాగా ప్యాడిల్ వేస్తున్నానో అనిపిస్తుంది, వెనక్కి తిరిగాక తెలుస్తుంది తోసింది ఎవరో. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడమటి గాలులకీ ఇదే వరస. అందుకని ఎప్పుడూ మొదటి సగం కష్టంగా, గాలికీ ప్రవాహానికీ ఎదురుగా వెళ్లండి, అలిసిపోయాక అవే తీసుకొస్తాయి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో వాయుగుండం అనే మాట వినపడితే టికెట్లు క్యాన్సిల్ చేసుకోండి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్‌ని ఏం చేసిందో చూసినవాణ్ని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అది మర పడవలకే గానీ కయాక్‌కి కాదని కొందరు వాదిస్తారు, వాదన ఎలా ఉన్నా ఆ రెండు నెలలు సముద్రంలో మిమ్మల్ని పైకి లాగడానికి బోట్లు ఉండవు, అది ఆలోచించండి.

ప్రశ్న: లోపల బాగానే ఉంటాను, ఒడ్డుకొచ్చేటప్పుడే రెండుసార్లు తిరగబడ్డాను. రెండోసారి కయాక్ వచ్చి మోకాలికి కొట్టుకుంది.
(ఒక పాఠకుడు, సికింద్రాబాద్)

జవాబు: మోకాలితో పోయింది, సంతోషించండి. నీళ్లు నిండిన కయాక్ అలతోపాటు వస్తే చిన్న కారు తగిలినట్టే. పడవకీ ఒడ్డుకీ మధ్యలో ఎప్పుడూ నిలబడకూడదు, పడినా సరే సముద్రం వైపే ఉండండి, పడవ దారిన పడవ ఒడ్డుకి పోతుంది.

అలలు విరిగే చోటుకి అవతలే ఆగండి, రాడ్లు లోపల పెట్టి కట్టేయండి, గాలాలన్నీ మూసేయండి. పెద్ద అలలు కొన్ని వరసగా వస్తాయి, తర్వాత కాసేపు చిన్నవి. అయిదు నిమిషాలు ఓపిగ్గా చూస్తే ఆ వరస అర్థమవుతుంది. చివరి పెద్ద అల దాటగానే దాని వీపు మీద వెనకాలే ప్యాడిల్ వేస్తూ రండి, దాని ముందు కాదు. వెనక నుంచి ఇంకోటి పట్టుకుందా, పడవని అడ్డం తిరగనివ్వకండి, అడ్డం తిరిగితే అల వైపుకి వాలండి, ఒడ్డు వైపు వాలితే బోర్లా పడినట్టే. రాళ్లున్న చోట ఇవేవీ పనిచేయవు, అక్కడ దిగొద్దు. ముందు ఆ ఊరి మత్స్యకారులు ఎక్కడ నుంచి పడవ దింపుతున్నారో చూసి, వాళ్లని అడిగి, అక్కడే మీరూ దించండి. ఎన్నింటికి వస్తారో కూడా వాళ్లలో ఒకరికి చెప్పి వెళ్లండి, ఇంట్లో ఒకరికి చెప్పండి, ఆ టైము దాటితే 1554కి ఫోన్ చేయమనండి, అది కోస్ట్ గార్డ్ నంబరు. లేదా 112.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. వాళ్ల నాన్న సముద్రంలో కయాక్ ఫిషింగ్‌కి తీసుకెళ్తానంటున్నారు. కారులో యాదగిరిగుట్ట వెళ్లినా వాంతులు చేసుకుంటాడు.
(ఒక తల్లి, మల్కాజిగిరి)

జవాబు: వద్దమ్మా. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా పిల్లలకి ఇది బాగా ఎక్కువగా ఉంటుంది, పెద్దయ్యే కొద్దీ చాలామందికి తగ్గుతుంది. చెరువులో ఒడ్డు పక్కన జాకెట్ వేసి తిప్పమనండి, గాలం ఒడ్డు మీద నుంచి నేర్పమనండి, చిన్న పరక చేప దొరికినా వాడికి వంజరమే.

ప్రశ్న: ఋషికొండలో ఆరు గంటలు కయాక్‌లో ఉండి రాత్రి రైలెక్కి వచ్చాను. పొద్దున స్నానం చేస్తుంటే బాత్రూం ఊగుతోంది, గోడ పట్టుకున్నాను. మా ఆవిడ గ్యాస్ అంటోంది.
(ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: గ్యాస్ కాదు. ఊగే నీళ్లకి సర్దుకున్న మెదడు ఇంకా గట్టి నేల మీదకి దిగలేదు, మామూలుగా కొన్ని గంటల్లో, మహా అయితే ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అప్పటిదాకా బండి తీయకండి, నిచ్చెన ఎక్కకండి, కళ్లు మూసుకుని తలకి సబ్బు రుద్దుకోకండి. వారం దాటినా ఊగుతుంటే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి. ఆరు గంటలు ఎండలో ఉన్నారు కదా, ఎన్ని నీళ్లు తాగారో రాయలేదు, సగం తూలు దానివల్ల కూడా అయ్యుండొచ్చు, ఓ గ్లాసు ఉప్పేసిన మజ్జిగ తాగి పడుకోండి.